చేతి మీద తెల్ల గీత

నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది.
ఇరవై రెండేళ్లుగా వస్తోంది, దాన్ని తిట్టి లాభం లేదు.
బల్లరాట్ డిపోలో ఇరవై మూడో నంబరు బస్సు
నేను తాళం తిప్పితే గానీ దగ్గదు.
ఇవాళ దగ్గేది క్లైవ్ ఒక్కడే,
పక్క కారవాన్‌లో,
సిగరెట్లు మూడోసారి మానేసినవాడు.

గ్వెన్ నిద్రలోనే అంది:
"పడుకో నైజెల్, సముద్రానికి డ్రైవరు అక్కర్లేదు."

అయినా లేచాను.
గడియారం విప్పి ఫోర్కుల సొరుగులో పడేశాను,
అది టిక్కుటిక్కుమంటే చెంచాలకే వినబడేలా.
మణికట్టు మీద ఒక తెల్ల గీత మిగిలింది,
క్యాలెండరు తీసేసిన గోడ మీద
రంగు వెలిసిపోని చోటులా.

చెప్పులు చేత పట్టుకుని నడిచాను.
ఇసుక ఇంకా రాత్రి చల్లదనంలోనే ఉంది,
అడుగేస్తే కొత్త బూట్లలా కిర్రుమంటోంది.
దీపస్తంభం మీద ఒక గూడబాతు
పెన్షన్ ఆఫీసు గుమస్తాలా
నన్ను పైనుంచి కిందికి చూసి
కౌంటరు మూసేసింది.

లైఫ్‌గార్డుల షెడ్డు గోడకి నల్లపలక.
టాలియా అట, పదిహేడేళ్లుంటాయేమో,
ముక్కు మీద తెల్ల క్రీము, చెవిన సుద్దముక్క.
పోటు: పదకొండు నలభై రెండు.
ఆటు: సాయంత్రం ఐదు యాభై ఎనిమిది.
నవ్వొచ్చింది నాకు.
నేను పారిపోయి వచ్చిందే టైంటేబుల్ నుంచి!
"ఎప్పుడైనా ఆలస్యమవుతుందా?"
"గాలి వెనకనుంచి తోస్తే ముందే వచ్చేస్తుంది."
ముందే రావడం మా దగ్గర పెద్ద నేరం.
ముసలమ్మలు ఇంకా గేటుకి గొళ్లెం పెడుతూ ఉంటారు కదా.

మధ్యాహ్నం గురించి చెప్పడానికేమీ లేదు.
గొడుగు నీడ జరిగింది, మేమూ జరిగాం.
గ్వెన్ పజిల్‌లో ఏడు అడ్డం దగ్గర ఆగిపోయి
పేపరు మొహం మీద కప్పుకుని గురక పెట్టింది.
ఎర్రా పసుపూ జెండాల మధ్య
జనం అలకోసారి వంగి లేస్తున్నారు,
గుంతల రోడ్డు మీద నా బస్సులో
కమ్మీ పట్టుకుని నిలబడ్డవాళ్లలా.
ఇద్దరు కుర్రాళ్లు జెట్టీ మీంచి దూకుతున్నారు.
ఎక్కుతారు, దూకుతారు, మళ్లీ ఎక్కుతారు,
టికెట్టు అడిగే దిక్కు లేదు.

స్తావ్రూలా కొట్టు ముందు పన్నెండుమంది వరస.
అందరినీ పేరు పెట్టి పిలుస్తుంది, ఒక్కరినీ తొందరపెట్టదు.
"వెనిగరా, చికెన్ ఉప్పా?"
"రెండూ."
గోడ మీద వాళ్ల నాన్న వేయించిన చేప బొమ్మ
నూనె పొగకి అదీ వేగిపోయింది.
"మీకు సెలవెప్పుడు?"
"మీరంతా వెళ్లాక, చలికాలంలో.
మీ వైపే వస్తాను, పొలాలు చూడ్డానికి.
సముద్రం మొహం మొత్తిపోయింది బాబూ."
"నా బస్సెక్కండి అయితే."
"ఎక్కుతాను. ఎక్కడ దిగాలో మాత్రం చెప్పకండి."

ఆ మాట నములుతూ నడుస్తోంటే
సీగల్ పిట్ట ఒకటి పొట్లంలోంచి
అన్నిటికన్నా పొడవైన ముక్క ఎత్తుకుపోయింది.

నాలుగింటికేమో, నాకెలా తెలుస్తుంది,
దక్షిణపు గాలి దిగింది.
గొడుగులు వెల్లకిలా పడ్డాయి.
బీచంతా ఎవరి సామాను వెంట వాళ్లు పరుగు.
ఎవరిదో తువ్వాలు వచ్చి నా కాలికి చుట్టుకుంది.
తిరిగిచ్చినందుకు ఒక ఆల్‌బఖరా పండు ఇచ్చారు,
వెచ్చగా ఉంది, కొరికితే మోచేతిదాకా కారింది.

తర్వాత నీళ్లు వెనక్కి వెళ్లడం మొదలైంది.
జెట్టీ కాళ్లు మోకాళ్లదాకా బయటపడ్డాయి,
వాటికి అంటుకున్న గుల్లలు,
ఏ పిల్లాడో పోగొట్టుకున్న ఈత కళ్లద్దం.
నల్లపలక చెప్పిన వేళ ఇదేనా అని
పాడు అలవాటు, చెయ్యెత్తి చూసుకున్నాను.

"టైమెంతయింది?" గ్వెన్ అడిగింది,
జుట్టులో ఇసుక దులుపుకుంటూ.

పొద్దుట్నించీ ఎండ తిన్న ఆ తెల్ల గీత
ఇప్పుడు చురచురమంటోంది.

"కందిపోయింది," అన్నాను.